99కి క్వార్టరు, 200కి బీరు: ఈ లెక్క ఎవురి కోసం?

మార్కాపురంలో గానీ గిద్దలూరులో గానీ ఏ వైన్ షాపు కాడికైనా పొయ్యి చూడండి. 99 రూపాయలిస్తే క్వార్టరు చేతిలో పెడతారు. అదే స్ట్రాంగు బీరు కావాలంటే అటూ ఇటూగా 200 తియ్యాల. చూసేవాడికి ఇందులో వింతేమీ అనిపించదు. సీసా పెద్దది, రేటు పెద్దది, అంతే గదా అనుకుంటాడు. ఒక్కసారి సీసా సైజు పక్కనబెట్టి, లోపలున్న ఆల్కహాలు లెక్క చూద్దాం.

క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. మన దేశంలో బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాలు 42.8 శాతం. అంటే క్వార్టరులో ఉండే అసలు సరుకు 77 మిల్లీలీటర్లు. బీరు సీసా 650 మిల్లీలీటర్లు, స్ట్రాంగు బీరులో ఆల్కహాలు 8 శాతం దాటకూడదు. 7 శాతం వేసుకుంటే 45 మిల్లీలీటర్లు. ఇప్పుడు భాగించండి. క్వార్టరులో ఒక మిల్లీలీటరు ఆల్కహాలు 1 రూపాయి 30 పైసలకి పడతాది. బీరులో అదే మిల్లీలీటరు 4 రూపాయల 40 పైసలు. మూడింతలకి పైనే.

దీని అర్థమేంది? తొందరగా కాలేయాన్ని తినేసేదాన్ని చౌక చేసి, పల్చనిదాన్ని ఖరీదు చేశారు. రోజంతా పలకల ఫ్యాక్టరీలో దుమ్ము మింగి, చేతికొచ్చిన కూలి డబ్బుల్తో సాయంత్రం షాపు కాడ నిలబడినోడు ఏది కొంటాడు? వాడికి ఈ భాగహారం ఎవురూ చెప్పక్కర్లా. వాడి జేబుకి ముందే తెలుసు.

"మందు రేట్ల గురించి నీకెందుకన్నా, రాయడానికి వెలిగొండ లేదా, ఫ్లోరైడ్ లేదా" అని అడిగే తమ్ముళ్లు ఉంటారు. ఉన్నాయి, అవీ రాస్తన్నా. కానీ మన పశ్చిమ ప్రకాశంలో ఇంటికి మంచినీళ్లు రావటానికి ముప్పయ్యేళ్లుగా శంకుస్థాపనలు చూస్తన్నాం. ఊరికి మందు చేరటానికి మాత్రం ఏ సొరంగమూ తవ్వాల్సిన పని పడలా. ఆ మందు మీద వేసే పన్నే మన దగ్గర్నుంచి రోజూ పొయ్యే పన్ను. దాని గురించి మాట్లాడకుండా ఎట్లా?

ముందు ఒక సంగతి. తాగే మద్యానికి జీఎస్టీ లేదు. దాని మీద పన్ను వేసుకునే హక్కు పూర్తిగా రాష్ట్రానిదే. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలకి సొంతంగా పెంచుకోదగ్గ పన్నులు పెద్దగా మిగల్లా. పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లు. అందుకే ఏ పార్టీ వచ్చినా ఖజానాలో చిల్లర తగ్గంగానే చెయ్యి పొయ్యేది సీసా మీదికే. పెంచేటప్పుడు చెప్పే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: "తాగుడు మాన్పించటానికి."

ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవటానికి మనం వేరే దేశం పోనక్కర్లా. వినుకొండ దాటి మార్కాపురం వచ్చే రైలు దారిలో కురిచేడు తగులుతుంది. అక్కడ ఆగితే చాలు.

2019 అక్టోబరు 1న రాష్ట్రంలో మద్యం షాపులన్నీ ప్రభుత్వం చేతిలోకి పొయ్యినాయి. షాపుల్ని 4,380 నుంచి 3,500కి తగ్గించారు. పర్మిట్ రూములు ఎత్తేశారు. రేట్లు పెంచారు. దశలవారీగా మద్యనిషేధం తెస్తామన్నారు. ఊళ్లో ఆడోళ్లు సంతోషపడ్డారు, అందులో తప్పేం లేదు. తర్వాత కరోనా వచ్చింది, లాక్‌డౌన్‌లో షాపులు మూతపడినాయి. 2020 మే 4న తెరిచేటప్పుడు 25 శాతం పెంచారు. లైన్లు కిలోమీటర్ల లెక్కన కనపడేసరికి మర్నాడే ఇంకో 50 శాతం. రెండు రోజుల్లో మొత్తం 75 శాతం. కూలోడి రోజు కూలిలో సగానికి సగం ఒక్క క్వార్టరే మింగేసింది.

అప్పుడు జరిగిందేందో నేను మెట్ల లెక్కన చెప్తా. డబ్బున్నోడు పై మెట్టు మీదనే ఉన్నాడు, వాడికి 75 శాతం పెరిగినా ఒక్కటే. వాడికంటే కింద ఉన్నోడు దోర్నాల, శ్రీశైలం దారిన, మాచెర్ల దారిన తెలంగాణ సీసా తెచ్చుకునే మార్గం వెతుక్కున్నాడు. మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో హైకోర్టు కూడా చెప్పింది. అక్టోబరుకల్లా ప్రభుత్వం ఆ నిబంధనే మార్చేసింది. బీరు తాగే కుర్రోడు బీరు అందక క్వార్టరుకి దిగాడు. క్వార్టరు తాగే కూలోడు నల్లమల అంచుల్లో కాచే నాటుసారాకి దిగాడు. మరి నాటుసారా కూడా దొరకనోడు, అన్నిటికన్నా కింది మెట్టు మీద ఉన్నోడు యాడికి దిగాల?

కురిచేడులో ఆ జులైలో కరోనా కేసులు పెరిగి ఊరిని కట్టడి చేశారు, మందు షాపు కూడా మూశారు. అడుక్కునేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు, హమాలీలు మందుల షాపుల్లో దొరికే శానిటైజర్ కొనుక్కుని నీళ్లలో, కూల్‌డ్రింకులో కలుపుకొని తాగారు. జులై 30, 31 తేదీల్లో వరసబెట్టి పడిపొయ్యారు. పదిమందికి పైగా చనిపొయ్యారు. అటు పామూరులోనూ ఇదే మాదిరి చావులు. చేతులు తుడుచుకునే నీళ్లు సీసా 50 రూపాయలకో 60కో వస్తుంటే, క్వార్టరు అంతకు ఎన్నో రెట్లు. ఆ తేడాయే మన జిల్లాలో మనుషుల్ని చంపింది.

"వాళ్లు ఎట్లాగూ తాగి చచ్చేవోళ్లే" అని అప్పుడు మనూళ్లలోనే కొందరు అన్నారు. నాకు ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుద్ది. తాగుడు జబ్బయిన మనిషి పొద్దున లేస్తే చేతులు వణుకుతాయి, ఒంట్లో చెమట పడతాది, కొందరికి ఫిట్స్ వస్తాయి. వాడికి రేటు పెంచితే మానడు. ఇంకొకటి వెతుక్కుంటాడు. రేటు పెంచటం వల్ల కొత్తగా మొదలుపెట్టబొయ్యే పిలగాడు ఆగుతాడేమో, అప్పుడప్పుడూ తాగేవోడు తగ్గిస్తాడు. అది నిజం, లోకమంతా చూసిన సంగతి. కానీ బానిసైపొయినోడికి రేటు ఒక్కటే పెంచి, వైద్యం చూపించకపోతే అది వైద్యం కాదు, గెంటేయటం.

ఇది నేను ఒక్కణ్ణే చెప్తన్న మాట కాదు. 2020 సెప్టెంబరు మొదట్లోనే, అంటే కురిచేడు చావులకి నెల తిరిగేసరికి, అదే ప్రభుత్వం చౌక రకం మద్యం రేట్లు, బీరు రేట్లు తగ్గించింది. శానిటైజర్ తాగి చస్తన్నారనే సంగతిని కూడా కారణంగా చెప్పింది. 2021 డిసెంబరులో వ్యాటు, మార్జిన్లు కోసి మళ్లీ దించింది. రేట్లు పెంచితే తాగుడు మానతారనే సిద్ధాంతాన్ని తెచ్చినోళ్లే రెండుసార్లు వెనక్కి తీసుకున్నారన్నమాట. దాన్ని ఎవురూ గట్టిగా చెప్పలా, అది వేరే సంగతి.

ఆ అయిదేళ్లలో హార్డు మద్యం కంటే బీరు అమ్మకాలే ఎక్కువ పడిపొయ్యాయి. తాగుడు తగ్గిందని ప్రభుత్వం ఆ అంకెల్నే చూపించింది. పల్చనిది మానేసి గట్టిదాని మీద ఉండిపోతే తగ్గినట్టా? షాపులో తెలిసిన బీరు కనపడదు, ప్రెసిడెంట్ మెడల్, స్పెషల్ స్టేటస్ అని ఎప్పుడూ వినని పేర్లు కనపడతాయి. ఆ బ్రాండ్ల వెనక డబ్బులు ఎటు పొయ్యినాయనేది ఇప్పుడు కేసుల్లో ఉంది, కోర్టులు తేలుస్తాయి. నేను చెప్పేది పన్ను సంగతి. సీసాలు తగ్గినా రాబడి తగ్గలా. తగ్గకపోగా, రేపు రాబొయ్యే మందు డబ్బుల్ని చూపించి 2022 జూన్‌లో బెవరేజెస్ కార్పొరేషన్ 8,305 కోట్ల రూపాయలు బాండ్ల మీద అప్పు తెచ్చింది. ఒక చేత్తో నిషేధం అంటూ ఇంకో చేత్తో వచ్చే ఏండ్ల తాగుడిని తాకట్టు పెట్టారు. తాగేవోళ్లు నిజంగా మానేస్తే ఆ అప్పు ఎవురు కట్టాల?

సరే, 2024లో ప్రభుత్వం మారింది. షాపులు మళ్లీ ప్రైవేటు చేతికి వచ్చాయి. 3,396 షాపులకి లాటరీ. దరఖాస్తుకి 2 లక్షలు, తగిలినా తగలకపొయినా వెనక్కి రావు. 89,882 దరఖాస్తులు పడ్డాయి. ఒక్క బొట్టు అమ్మకముందే 1,797 కోట్లు ప్రభుత్వానికి వచ్చిపడ్డాయి. దాంతోపాటే 99 రూపాయల క్వార్టరు తెచ్చారు, నాటుసారా, గంజాయి నుంచి పేదోణ్ణి తప్పించటానికి అన్నారు. కురిచేడు చూసినోడిగా ఆ మాటని నేను కొట్టిపారెయ్యను. విషం తాగే కంటే లెక్కలో ఉన్న సరుకు తాగటం నయమే. 2025 ఫిబ్రవరిలో సీసాకి 10 రూపాయలు పెంచినప్పుడు కూడా 99 రకాన్ని, బీరుని ముట్టుకోలేదు.

కానీ మొదట చెప్పిన తేడా అట్లాగే ఉండిపొయ్యింది. పై మెట్టు నుంచి కిందికి తోసే రేటు పాత ప్రభుత్వం పెట్టింది, కింద మెట్టు మీద మెత్తగా పరుపు వేసింది కొత్త ప్రభుత్వం. పైకి ఎక్కే దారి ఇద్దరూ వెయ్యలా. ఊళ్లోకి వస్తే ఆ 99 కూడా 99 కాదు. బెల్టు షాపోడు ఇరవయ్యో ముప్పయ్యో కలిపి అమ్ముతాడు, ఆ పైడబ్బులు ఏ ఖజానాలోకీ పోవు. దీనిమీద 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. అసలు సరుకా కాదా అని సీసా మీద కోడ్ స్కాన్ చేసుకోండని ప్రభుత్వం యాప్ తెచ్చింది. మా ఊరి హమాలీ సాయంత్రం ఏడింటికి ఫోన్ తీసి స్కాన్ చేసి తాగుతాడని అమరావతిలో కూర్చున్నోళ్లు నిజంగానే అనుకుంటన్నారేమో.

ఇప్పటిదాకా తాగేవోడి సంగతి. తయారు చేసేవోడి సంగతికి వద్దాం.

హైదరాబాదులో ఉద్యోగాలు చేసే మన గిద్దలూరు, కంభం కుర్రోళ్లు మైక్రోబ్రూవరీల ఫొటోలు పెడుతుంటారు. అక్కడికక్కడే చిన్న ట్యాంకుల్లో బీరు కాచి, గ్లాసుల్లో పోసే చోట్లు అవి. దశాబ్దం కిందట తెలంగాణ వాటికి లైసెన్సులు ఇవ్వటం మొదలుపెట్టింది. గోధుమ బీరు, మామిడిపండు వాసన బీరు, రకరకాలు. గ్లాసు రేటు చూస్తే మన కూలోడి గుండె ఆగిపోతాది, అది వేరే లోకం. అయినా పన్ను పెరిగితే ఆ లోకంలో కూడా ముందు దెబ్బ తినేది చిన్నోడే. ఎందుకో చెప్తా.

2025 జనవరి 8న యునైటెడ్ బ్రూవరీస్ అనే కంపెనీ, కింగ్‌ఫిషర్ వాళ్లు, తెలంగాణకి బీరు పంపటం ఆపేసింది. మాకు ఇచ్చే ధర 2019 నుంచి పెంచలా, బకాయిలు కూడా పేరుకుపొయ్యాయి అంది. పది పన్నెండు రోజులకే మాట్లాడుకొని మళ్లీ మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో తెలంగాణ బీరు రేట్లు 15 శాతం పెంచింది. చూశారా? సీసా రేటులో ఎక్కువ భాగం ప్రభుత్వ పన్నే. మిగిలిన కాస్తలో తన వాటా కోసం పెద్ద కంపెనీ లారీలు ఆపి బేరమాడింది, గెలిచింది. భారం తాగేవోడి మీద పడింది. సొంతంగా కాచుకునే చిన్నోడు ట్యాంకు ఆపి ఎవురితో బేరమాడతాడు? వాడు ఆపితే వాడి షట్టరే మూతపడుతుంది. లైసెన్సు ఫీజు ఏడాదికి ఇంత అని కట్టాల్సిందే, లక్ష సీసాలు అమ్మేవోడికి అది చిల్లర, వంద గ్లాసులు అమ్మేవోడికి అది నడ్డి విరగ్గొట్టుడు.

మన పక్క మైక్రోబ్రూవరీలు లేవు గదా, మనకేంది అంటారా? ఉన్నాయి తమ్ముడూ. మోకు కట్టుకుని చెట్టెక్కేవోడే మన మైక్రోబ్రూవరు. యంత్రం లేదు, ట్యాంకు లేదు. తాటి గెల గీస్తే, ఈత చెట్టు గీస్తే కారే కల్లు, ముంతలోనే పులిసి సాయంత్రానికి నాలుగైదు శాతం ఆల్కహాలు అవుతుంది. బీరంత పల్చన. సరుకు ఊళ్లో పుడుతుంది, డబ్బులు ఊళ్లోనే తిరుగుతాయి. పన్ను వసూలుకి అది పనికిరాదు, అదొక్కటే దాని తప్పు. సీసాలో మూతబెట్టి, లేబులు అంటించి, డిపో నుంచి పంపలేని సరుకు మీద ఏ ప్రభుత్వానికీ ప్రేమ ఉండదు.

2022లో కల్లుగీత పాలసీ పెట్టి చెట్ల అద్దె తీసేశారు, చెట్టు మీంచి పడి చచ్చిపోతే ఇచ్చే పరిహారం 10 లక్షలు చేశారు. మంచిదే. 2024 పాలసీలో గీత కులాలకి 10 శాతం షాపులు, 340 కేటాయించారు. దాన్ని కూడా మంచిదే అనుకోవచ్చు. కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. కల్లు గీసేవోడికి మీరిచ్చింది కల్లు అమ్ముకునే బలమా? కంపెనీ విస్కీ అమ్ముకునే లైసెన్సు! చేనేత పనోడికి మిల్లు బట్టల షాపు ఇచ్చినట్టు. అదికూడా లక్షల్లో ఫీజు కట్టగలిగినోడికి. చెట్టెక్కేవోడి చేతికి అది ఎట్లా వస్తాది? వాడి పేరు మీద వెనకనున్నోడి చేతికి పోతాది.

కల్లు అంటే అమృతం అని నేను చెప్పటంలా. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపొయ్యారు. నిద్రమాత్రల పొడి కలిపే దుర్మార్గం కల్లులో ఎప్పట్నుంచో ఉంది. చెట్టు కాడ గీసినోడి దగ్గర్నుంచి దుకాణం దాకా మధ్యలో ఎవురెవురు చెయ్యి పెడుతున్నారో చూసే యంత్రాంగం కావాల. ఎక్సైజోళ్లు డిపో లెక్కలు చూసినంత శ్రద్ధగా కల్లు శాంపిలు చూస్తే సగం కల్తీ ఆగిపోతాది.

ఇక్కడ మా అక్కలు, పిన్నమ్మలు నన్ను నిలదీస్తారు. "మందు రేటు తగ్గించమని రాస్తన్నావా, మా ఇళ్లు కూల్చటానికా?" అని. ఆ ప్రశ్నకి నేను తలొంచుకునే జవాబు చెప్పాల. మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలుపెట్టి ఆడోళ్లు సారా వేలంపాటలు ఆపితేనే 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా బందయ్యింది. 1995లో రామారావు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు సడలించారు. సారా పొయ్యిన చోట చీప్ లిక్కర్ వచ్చి కూర్చుంది. ఆ ఆడోళ్లు కొట్లాడింది సారా మీద మాత్రమే కాదు, మొగుడి కూలి డబ్బులు ఇంటికి రాకుండా దారిలోనే మింగే యాపారం మీద. ఆ యాపారం ఇప్పుడు 99 రూపాయల రూపంలో ఉంది. నేను అడిగేది మొత్తంగా రేటు తగ్గించమని కాదు. పన్నుని సీసాని బట్టి కాకుండా ఆల్కహాలుని బట్టి వెయ్యమని.

ఇదేం నా బుర్రలో పుట్టిన కొత్త సంగతి కాదు. స్కాట్లండులో 2018 మే నుంచి ఒక్కో యూనిట్ ఆల్కహాలుకి ఇంతకంటే తక్కువకి అమ్మకూడదని కనీస ధర పెట్టారు. మొదట 50 పెన్నీలు, 2024లో 65 చేశారు. అంటే గట్టి సరుకు ఎంత చౌక బ్రాండయినా ఆ గీత కిందికి దిగలేదు. బ్రిటన్ మొత్తం మీద 2023 ఆగస్టు నుంచి పన్ను ఎంత గట్టిదైతే అంత ఎక్కువ అనే లెక్కకి మార్చారు, తక్కువ తయారు చేసే చిన్న తయారీదారుకి రాయితీ ఇచ్చారు. మనోళ్లు అక్కడికి పొయ్యి పెట్టుబడుల సదస్సులు పెడతారు గదా, వచ్చేటప్పుడు ఈ కాగితం కూడా ఒకటి తెచ్చుకోవచ్చు.

బీరు చౌకయితే కుర్రోళ్లు ఎక్కువ తాగుతారనే భయం ఉంది. ఉండాల్సిందే. ఇది చదివే తమ్ముళ్లలో చాలామందికి మొదటి గుటక బీరే, అదీ పెళ్లిలోనో తిరనాళ్లలోనో. కానీ ఇప్పుడున్న రేట్లలో ఆ మొదటి గుటక నుంచి క్వార్టరుకి దిగటానికి ఎన్నేళ్లు పడుతుందో మీ ఊళ్లోనే చూడండి. ఇద్దరు కలిసి 200 పోగేస్తే ఒక బీరు, లేదా రెండు క్వార్టర్లు. డిగ్రీ చదివే పిలగాడికి ఈ లెక్క రాదా?

డబ్బులు ఎటు పోతన్నాయనేది ఆఖరి సంగతి, నా లెక్కలో పెద్ద సంగతి. మన గిద్దలూరు, అర్ధవీడు, రాచర్ల, కొమరోలు మండలాల్లో మందు మీద పొయ్యే పన్నులో వందకి ఒక్క రూపాయి వెనక్కి రానియ్యండి. తాగుడు మానాలనుకునేవోణ్ణి ఇంట్లోవాళ్లు ఒంగోలు పెద్దాసుపత్రికి తీసకపోవాలంటే ఒక పూట ప్రయాణం, ఇద్దరి కూలి పోతాది. రెండోసారి రమ్మంటే పోరు. పది పడకలు, ఒక మానసిక వైద్యుడు, మందులు. ఇవి మార్కాపురంలో, గిద్దలూరులో ప్రభుత్వ ఆసుపత్రుల గోడల లోపలే పెట్టొచ్చు. కొత్త భవనం అక్కర్లా, శిలాఫలకం అంతకన్నా అక్కర్లా.

ఇప్పుడున్న మద్యం పాలసీ గడువు 2026 సెప్టెంబరు 30తో అయిపోతాది. తర్వాతది రాసేటప్పుడు కంపెనీలోళ్లు, సిండికేట్లు విజయవాడలో కూర్చుంటారు. గీత కార్మికుడిని పిలవరు, దూబగుంట ఆడోళ్లని పిలవరు, కురిచేడులో మనుషుల్ని పోగొట్టుకున్నోళ్లని పిలవరు. ఈ లోపల మీ ఊరికి ఎమ్మెల్యే వచ్చినప్పుడు రోడ్డు అడగండి, నీళ్లు అడగండి, దాంతోపాటు ఇవి కూడా అడగండి: మిల్లీలీటరు ఆల్కహాలుకి మా దగ్గర ఎంత పన్ను తీసుకుంటన్నారు? మా మండలంలో పోయిన ఏడాది మందు మీద ఎంత వచ్చింది? అందులో మా ఆసుపత్రికి ఎంత ఇచ్చారు? నోటితో చెప్తే వద్దనండి. కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు మందు షాపు దరఖాస్తు మాదిరి 2 లక్షలేం కాదు.